మళ్ళీ రావాలనిపించే ఇల్లు

వినుకొండ బాబాయిగారు పోయారన్న కబురు నాకు ఒక బస్సు కండక్టరు తెచ్చాడు. గుంటూరులో మా బడి గేటు ముందు బస్సు ఆపించి, బంట్రోతుని పిలిచి, "టీచరమ్మగారికి చెప్పు, వినుకొండ టైలరుగారు పొద్దున పోయారంట. మస్తాను చెప్పమన్నాడు" అని ఆ ఒక్క ముక్క అప్పగించి వెళ్ళిపోయాడట. నేనప్పుడు తరగతిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. బంట్రోతు వచ్చి చెప్పి వెళ్ళాక కూడా పిల్లలు చదువుతూనే ఉన్నారు. నేను వింటున్నాననే అనుకున్నారు పాపం.

నేను వినుకొండ చేరేసరికి బాబాయిగారిని సమాధి చేసి అందరూ తిరిగి వచ్చేశారు. వాకిట్లో చెప్పులు బోలెడు. లోపల ఆడవాళ్ళ మధ్య గోడకి ఆనుకుని పిన్ని కూర్చుని ఉంది. గుమ్మంలోంచి "పిన్నీ" అన్నానో లేదో, ఆవిడ తల ఎత్తి, "నీ గొంతు వింటే ఆయన లేచి వచ్చేస్తాడేమో అనిపించిందే" అన్నది. ఆ మాటతో ఇద్దరం ఏడ్చాం.

ఆయన నాకు చుట్టం కాదు. మా కులం కాదు, మతం కాదు. పదేళ్ళ కిందట నాకు వినుకొండ బడిలో కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు, అమ్మా నేనూ ఆయన ఇంట్లో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం, అంతే. ముస్లిముల ఇంట్లో అద్దెకా అని మా అమ్మ మొదట వెనకాడింది. పిన్ని మొహం మీదే చెప్పింది: "వదినగారూ, మీ వంట మీది, మా వంట మాది. బావి ఒక్కటే కలిసేది. నీళ్ళకి మతమేముంది?" అమ్మ నవ్వి సామాను దింపించింది. ఏడాది తిరిగేసరికి గోంగూర పచ్చడి ఇటునుంచి అటూ, సేమ్యా పాయసం అటునుంచి ఇటూ నడుస్తూ ఉండేవి. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలవడం ఎప్పుడు మొదలైందో నాకే గుర్తు లేదు.

వీధి వైపు గదిలో ఆయన కుట్టు మిషను. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. భోజనం చేసేటప్పుడు కూడా తీసేవారు కాదు, నమాజుకి వెళ్ళేటప్పుడు మాత్రమే తీసి మిషను మీద పెట్టేవారు. చొక్కా కుట్టించుకోవడానికి ఎవరైనా వస్తే చప్పున కొలతలు తీసేవారు కాదు. కూర్చోబెట్టి, పత్తి ఎలా పండిందో, ఎడ్లు ఎలా ఉన్నాయో అడిగి, ఏదో ఒకటి అని నవ్వించి, ఆ నవ్వులో ఉండగా ఛాతీ చుట్టూ టేపు వేసేవారు. ఒకసారి అదేమిటని అడిగాను. "మనిషి నవ్వినప్పుడు ఎంతుంటాడో అదే అసలు కొలతమ్మా. బిగబట్టుకుని నిలబడ్డవాడికి కుడితే, ఆ చొక్కా వేసుకుని జన్మలో నవ్వలేడు" అన్నారు.

ఇంత నవ్వించే మనిషి ఇంట్లో ఒక్కరి మీద మాత్రం పొద్దస్తమానం విసుక్కునేవారు. ఆ ఒక్కరు మస్తాను, పిన్ని తమ్ముడు. ఒంగోలు నుంచి అక్కని చూసిపోదామని రెండు రోజులకని వచ్చి, నేను ఆ ఇంట్లో చేరేనాటికి నాలుగో ఏడు నడుస్తున్నా ఇంకా ఉన్నాడు. చెయ్యని పని లేదు, పూర్తి చేసిన పనీ లేదు. ఇస్త్రీ చేస్తానని కూర్చుని, వీధిలో పోయేవాడికి పంట గురించి సలహా చెబుతూ చేతి కింద చొక్కా మాడ్చేవాడు. తిండి దగ్గర మాత్రం మొహమాటం ఎరగడు. "ఒరేయ్, నువ్వు ఇస్త్రీ చేసిన చొక్కాలకంటే నేను డబ్బులిచ్చి తప్పు ఒప్పుకున్న చొక్కాలే ఎక్కువరా" అని బాబాయిగారు అరిస్తే, "సర్లే బావా, ముందు అన్నానికి రా, అక్క పిలుస్తోంది" అనేవాడు. రోజూ ఇదే గోల. గోడకి ఇవతల అమ్మా నేనూ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళం.

బాబాయిగారికి నాటకాల పిచ్చి ఉండేది. పద్యాలూ కిరీటాలూ ఉన్నవి కాదు, ఇంట్లో మనుషులు మాట్లాడుకునేవి. పత్తి జిన్నింగు మిల్లు వార్షికోత్సవానికి ఆయన రాసి ఆడించిన చిన్న నాటిక చూసి, అతిథిగా వచ్చిన బెజవాడ రేడియో ఆఫీసరుగారొకరు పిలిచి మాట్లాడారు. వారం వారం ఒకే కుటుంబం కథ, పావుగంట సేపు, జనం నవ్వుకునేలా రాయగలరా అని అడిగారు. "ముందు మొదటి భాగం ఒక్కటి రాసి ఆడండి. జనానికి పడితే తరవాత సంగతి చూద్దాం" అన్నారట. ఆ సాయంత్రం బాబాయిగారు మా వాటా గుమ్మంలోకి వచ్చి, "వదినగారూ, మీ అమ్మాయి గొంతు నాకు కావాలి" అన్నారు. బడిపిల్లల మీద అరిచి అరిచి నా గొంతు గోడలు దాటి వినిపిస్తుందట. మగవాళ్ళ మధ్య రేడియోలో మాట్లాడటమా అని అమ్మ భయపడింది. "నేను వెంట ఉంటాగా" అని పిన్ని హామీ ఇచ్చింది.

అలా తయారైంది 'రెండు రోజుల చుట్టం'. మొగుడుగా బాబాయిగారు, పెళ్ళాంగా నేను, రెండు రోజులకని వచ్చి తిష్ఠ వేసిన బావమరిదిగా పోస్టాఫీసులో పనిచేసే ఒకాయన. ఎవరి కథో ఇక చెప్పనక్కర్లేదు. మస్తానుకి మాత్రం ఏమీ చెప్పలేదు. "రేడియోలో వింటే వాడే సరదా పడతాడులే" అన్నారు బాబాయిగారు. ఆ కథలో మొగుడు ఆ బావమరిదిని ఎలా వదిలించుకోవాలా అని ఎత్తుమీద ఎత్తు వేస్తాడు. చివరికి ఒంగోలులో ఉద్యోగం వచ్చిందని దొంగ టెలిగ్రాం ఇప్పించి బండెక్కించేస్తాడు. బండి కూత వినపడగానే మొగుడు ఇంట్లో గంతులేస్తాడు. అక్కడికి అయిపోతుంది.

అది ప్రసారమైన సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు స్తంభానికి కట్టిన రేడియో మైకు కింద ఊళ్ళో సగం మంది చేరారు. మస్తాను అందరికంటే ముందు కూర్చున్నాడు. మొదట్లో పడీ పడీ నవ్వాడు, తొడ మీద కొట్టుకుని మరీ నవ్వాడు. టెలిగ్రాం దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు కొంచెం ఆగింది. బండి కూతకి ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను వాడి వైపు చూశాను. వాడూ చప్పట్లు కొడుతున్నాడు, అందరూ కొడుతున్నారు కాబట్టి.

మర్నాటి నుంచి మస్తాను బజార్లోకి వెళితే చాలు. "ఏరా రెండు రోజుల చుట్టం, ఇంకా పోలేదా?" "ఒరేయ్, టెలిగ్రాం వచ్చిందా?" అని పిలవడమే. వాడు నవ్వుతూనే జవాబులు చెప్పాడు. ఆ వారం చివర్లో ఒక పొద్దున పిన్ని టీ పట్టుకెళితే మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. ఆ ఇంట్లో వాడు దుప్పటి మడత పెట్టడం అదే మొదటిసారట.

ఒంగోలు వెళ్ళాడని తెలిసింది. పొగాకు గోడౌన్‌లో కూలికి చేరాడని కూడా తెలిసింది. పిన్ని రెండు మాటలే అన్నది. "కథలో గెంటారు. నిజంగానే పోయాడు. నవ్వండి ఇప్పుడు." ఆ తరవాత మొగుడితో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేటప్పుడు మాత్రం అలవాటు కొద్దీ మూడు కంచాలు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేది. గోడకి ఇవతల మాకు గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. "ఈ ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే నిద్ర పట్టడం లేదే" అన్నది మా అమ్మ.

సరిగ్గా అప్పుడే బెజవాడ నుంచి పిలుపు వస్తే బాబాయిగారు వెళ్ళి వచ్చారు. వచ్చి, అరుగు మీద కూర్చుని, నన్ను పిలిచి చెప్పారు. "అమ్మాయ్, జనం బాగా నవ్వారంటమ్మా. ఉత్తరాలు కూడా వచ్చాయంట. కానీ వచ్చే వారం ఏమవుతుందని ఒక్కరూ అడగలేదంట. ఆఫీసరుగారు అన్నారు, 'ఏమండీ, గెంటేశారుగా, ఇంకేముంది కథ?' అని. నిజమే కదా. నేను ఇన్ని ఎత్తులు వేసింది నా కథని నేనే ఊరు దాటించడానికి. మళ్ళీ ఇంకోసారి మొదటి భాగం రాసిమ్మన్నారు."

మళ్ళీ రాయడానికి కూర్చున్నారు. రాయలేకపోయారు. మిషను ముందు కూర్చుని దారం ఎక్కించి, అలాగే వీధిలోకి చూస్తూ ఉండేవారు. ఎవరైనా వస్తే చప్పున కొలతలు తీసి పంపేసేవారు. ఒక ఆదివారం పొద్దున్నే లేచి, పిన్నితో నేరుగా మాట్లాడే ధైర్యం లేక, గోడ అవతల నుంచి నాతో, "టీచరమ్మా, మీ పిన్నిని అడుగు, ఒంగోలు వస్తుందేమో" అన్నారు. పిన్ని చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. తోడుగా నన్ను కూడా రమ్మంది.

ఒంగోలులో ఆ గోడౌన్ ముందు నీడలో కూర్చున్నాడు మస్తాను. పొగాకు జిగురు పట్టి అరచేతులు నల్లగా ఉన్నాయి. మమ్మల్ని చూసి లేచాడు. అక్కని చూసి ముందు నవ్వాడు, తరవాత బావని చూసి ఆ నవ్వు దాచుకున్నాడు.

"ఏరా, ఎలా ఉన్నావు?" అన్నారు బాబాయిగారు.

"బానే ఉన్నా. ఇక్కడ చొక్కాలు మాడవు."

"ఇంటికి పోదాం పద."

"ఏ ఇంటికి బావా? దొంగ టెలిగ్రాం ఇచ్చి పంపించిన ఇంటికా?"

"అది కథరా."

"కథేగా. నేను తిండిపోతునని రాశావు, సరే, నిజం. సోమరిపోతునని రాశావు, ఒప్పుకున్నా. ఊరంతా నవ్వారు, నవ్వనీ. కానీ నన్ను పొమ్మన్నట్టు రాశావే, ఇన్నేళ్ళలో ఏనాడైనా పొమ్మన్నావా నువ్వు? తిట్టావు, కొట్టబోయావు, పొమ్మని ఒక్కసారైనా అన్నావా? అనలేదుగా. మరి అబద్ధం ఎందుకు రాశావు బావా?"

బాబాయిగారు చేత్తో మెడలో టేపు కోసం తడుముకున్నారు. ఆ రోజు దాన్ని ఇంట్లోనే వదిలేసి వచ్చారు. "లేదురా. అనలేదు. అనబుద్ధి కూడా కాలేదు" అన్నారు.

పిన్ని ఏడుస్తోంది. మస్తాను అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"అయినా ఆ పోస్టాఫీసాయన నాలాగా ఏమన్నా మాట్లాడాడా? జలుబు చేసినవాడిలా ఉంది ఆయన గొంతు. తిండి గురించి మాట్లాడేటప్పుడు కాస్త ప్రాణం పెట్టి మాట్లాడొద్దూ?"

"అయితే నువ్వే మాట్లాడు" అన్నారు బాబాయిగారు.

తిరుగు బస్సులో బావా బావమరుదులు ఒకే సీట్లో కూర్చున్నారు. ముందు సీట్లో మేము. దారి పొడుగునా వెనకనుంచి వాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "అక్కడ నేను అలా అనను బావా." "మరేమంటావురా?" "ఏమీ అనను, ముందు పెరుగు ఉందా అని అడుగుతా." వినుకొండ కొండ కనిపించే వేళకి కొత్త మొదటి భాగం తయారైంది. ఒక్క అక్షరం కూడా కాగితం మీద పడకుండానే.

కొత్త దాంట్లో చుట్టాన్ని ఎవరూ గెంటరు. తనే మర్నాడు పొద్దున బండికి వెళ్ళిపోతానంటాడు. మొగుడు ఎగిరి గంతేస్తాడు. వీడు పోతే ఎంత బియ్యం మిగులుతుందో, ఎంత ప్రశాంతంగా ఉంటుందో పెళ్ళానికి వర్ణించి చెబుతాడు. పెళ్ళాం దారిలో తినడానికి జంతికలు కడుతూ ఉంటుంది. బండి వేళ దగ్గర పడేకొద్దీ మొగుడి గొంతులో హుషారు తగ్గుతూ వస్తుంది. వీడికి దారిలో ఎండ తగులుతుందేమో అంటాడు. బండిలో చోటుండదేమో అంటాడు. ఆఖరికి ఎవరూ చూడకుండా గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పేస్తాడు. చుట్టం స్టేషనుకి పోయి, బండి తప్పిపోయిందని తిరిగి వస్తాడు. "పోతే పోయిందిలేరా, ఇంకోనాడు చూద్దాం. చేతులు కడుక్కో, అన్నం చల్లారిపోతోంది" అంటాడు మొగుడు, విసుగ్గా. అంతే కథ.

ఇది వినిపించినప్పుడు ఆఫీసరుగారు, "బాగుంది గానీ, ఇందులో ఏం జరిగిందండీ? మొదట్లో ఎక్కడున్నారో చివరికీ అక్కడే ఉన్నారు" అన్నారు.

"అందుకేనండీ, వచ్చే వారం కూడా రాయగలను" అన్నారు బాబాయిగారు.

ఆ ఆఫీసరుగారు మంచి మనిషి. గట్టిగా నవ్వి, సరే రికార్డు చేద్దామన్నారు.

రికార్డింగు రోజున అసలు గండం వచ్చిపడింది. పుట్టిన దగ్గర్నుంచి నోరు మూయని మస్తాను మైకు ముందు నిలబడగానే మూగవాడైపోయాడు. గదిలో గోడలకి మెత్తలు, తలుపు వేస్తే బయటి చప్పుడు ఒక్కటీ లోపలికి రాదు. "ఇదేంటి బావా, గోరీలో ఉన్నట్టుంది" అని గొణిగి, ఇక నోరు విప్పలేదు. ఎర్రదీపం వెలగడం, వాడు గుటకలు మింగడం. అద్దం అవతల ఉన్నవాళ్ళు గడియారం చూసుకుంటున్నారు. పిన్ని తలుపు బయట కూర్చుని దువా చేస్తోందని నాకు తెలుసు.

మళ్ళీ ఎర్రదీపం వెలిగింది. బాబాయిగారు చేతిలో కాగితాలు కింద పెట్టేశారు. మస్తాను వైపు తిరిగి, ఇంట్లో అడిగినట్టే, "ఏరా, అన్నం తిన్నావా?" అన్నారు.

"ఎక్కడ బావా? పొద్దున్నెప్పుడో రెండిడ్లీలు తిన్నా. చట్నీ కూడా సరిగ్గా లేదు" అన్నాడు మస్తాను, గొంతులో ప్రాణమంతా పెట్టి.

అంతే. అక్కడినుంచి కథ దానంతట అదే నడిచింది. నా మాటలు నేను ఎప్పుడు అందుకున్నానో నాకే తెలియదు. కాగితంలో లేని ఆ మాటని ఆఫీసరుగారు తీసేయనివ్వలేదు. తరవాత ప్రతి వారం ఆ నాటిక "ఏరా, అన్నం తిన్నావా?" అన్న ప్రశ్నతోనే మొదలయ్యేది.

ప్రసారమైన సాయంత్రం మస్తాను పంచాయతీ ఆఫీసు దగ్గరికి రానంటే రానన్నాడు. పిన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఈసారి వెనక వరసలో, మనుషుల చాటున కూర్చున్నాడు. బాబాయిగారు మైకుకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డారు. "కథ నాకు తెలుసు. మొహాలే తెలియవు" అన్నారు నాతో.

మొదట్లో జనం పాత అలవాటు కొద్దీ చుట్టాన్ని చూసి నవ్వారు. బియ్యం లెక్కలు వేసే మొగుణ్ణి చూసి ఇంకా నవ్వారు. ఆ తరవాత గడియారం చప్పుడు వినిపించింది, టిక్కు టిక్కుమని. ముల్లు కిర్రుమంది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. మిరపకాయల కమీషను కొట్లో పనిచేసే ఒక ముసలాయన ఉన్నట్టుండి లేచి, "తిప్పాడ్రోయ్! గడియారం తిప్పేశాడు!" అని కేకపెట్టాడు. ఆ నవ్వు, ఇంకోసారి నేనెక్కడా వినలేదు. గేలి నవ్వు కాదు. మన ఇంట్లో మనిషి దొరికిపోతే నవ్వుకునే నవ్వు. ఆ నవ్వుల్లో కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

అయిపోయాక జనం వెంటనే కదల్లేదు. "మళ్ళీ ఎప్పుడంట?" "వచ్చే వారం వెళతాడంటావా?" "వెళ్ళనిస్తే కదా ఆయన?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. ఆ ప్రశ్న వినడానికే బాబాయిగారు అంత దూరం వెళ్ళి వచ్చారు. ఎవరో మస్తానుని గుర్తుపట్టి, "ఏరా, ఎప్పుడు పోతున్నావు?" అని అడిగాడు. ముందు అడిగిన మాటే. ఈసారి మస్తాను తల ఎత్తి, "మా బావ గడియారం బాగుచేయించినప్పుడు" అన్నాడు.

ఆ నాటిక కొన్నేళ్ళు నడిచింది. ప్రతి వారం చుట్టం బయల్దేరేవాడు. ప్రతి వారం మొగుడు ఏదో ఒక వంక పెట్టి ఆపేవాడు, వంక పెట్టినట్టు ఒప్పుకునేవాడు కాదు. ఊరూరా ఆ మాటలు ఇళ్ళల్లో వాడుకలోకి వచ్చాయి. నన్ను చూడటానికి పెళ్ళివారు వచ్చినప్పుడు, పెద్దవాళ్ళు చదువూ వంటా అడిగాక, పెళ్ళికొడుకు తల వంచుకుని, "మీ తమ్ముడుగారు వెళ్ళారా?" అని అడిగారు. నాకు తమ్ముడు లేడు. నేను నవ్వాను. ఆ సంబంధమే ఖాయమైంది.

పేరొచ్చాక బాబాయిగారి దగ్గరికి మనుషులు వచ్చేవారు, ఇలాంటివి ఎలా రాయాలో చెప్పమని. ఆయన ఉపన్యాసాలు ఇచ్చే మనిషి కాదు. గుడ్డ కత్తిరిస్తూ ఒకటీ అరా అనేవారు. "మొదటి భాగం కచ్చా కుట్టులాంటిది. తొడిగి చూసుకోవడానికే. అప్పుడే గట్టిగా కుట్టేస్తే విప్పడానికి ఉండదు." ఇంకోసారి, పది మంది పాత్రలతో రాసుకొచ్చిన ఒకాయనతో, "అయ్యా, ఇంటికొచ్చినవాడికి గుమ్మంలోనే చుట్టాలందరినీ పరిచయం చేస్తే కళ్ళు తిరుగుతాయి. ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. మిగతావాళ్ళు వాళ్ళే ఒక్కొక్కరూ వస్తారు" అన్నారు. ఆ నాటికలో ఇంటికి దేవుడి గది ఉందో, నమాజు చాప ఉందో ఆయన ఎన్నడూ రాయలేదు. వంటిల్లు మాత్రం ప్రతిసారీ ఉండేది. అదేమిటని నేను అడిగితే, "వంటింట్లోకి రానిచ్చామంటే, ఇక వాళ్ళు మనవాళ్ళే కదమ్మా" అన్నారు.

పెళ్ళయి గుంటూరు వెళ్ళిపోయాక కూడా వీలైనప్పుడల్లా వచ్చేదాన్ని. ఆఖరిసారి చూసింది వానల్లో. ఆయాసం బాగా ఎక్కువైంది. మిషను దగ్గర ఇప్పుడు మస్తానే కూర్చుంటున్నాడు. వాడికి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, కాపురం ఆ ఇంట్లోనే. బాబాయిగారు మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నారు. నేను వెళ్ళేసరికి ఒక కాలేజీ కుర్రాడు ఎదురుగా కూర్చుని, నవ్వించే నాటిక మొదటి భాగం బాగా పండాలంటే ఏముండాలి మాస్టారూ అని అడుగుతున్నాడు.

ఆయన ఊపిరి కూడదీసుకుని అడిగారు. "మీ ఇంట్లో నువ్వు ఎవరి మీద ఎక్కువ విసుక్కుంటావు బాబూ?"

"మా నాయనమ్మ మీదండి. చాదస్తం."

"ఆవిడ ఒక వారం ఊరెళితే నీకు తోస్తుందా?"

ఆ కుర్రాడు ఆలోచించాడు. "తోచదండి" అన్నాడు మెల్లిగా.

"అదే నీ కథ. పోయి రాసుకో. నవ్వించడం ఎవరైనా చేస్తారు. మళ్ళీ ఆ ఇంటికి రావాలనిపించాలి, అంతే. మనకి ప్రేమ లేని ఇంటికి జనాన్ని పిలిస్తే వాళ్ళెందుకు వస్తారు?"

అంత మాట్లాడినందుకు దగ్గు వచ్చింది. పక్క గదిలోంచి మస్తాను, "ఆయనకి మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు, వింటే కదా" అని అరిచాడు. "నీ పని నువ్వు చూసుకోరా, గుండీలు వంకరగా కుట్టకుండా" అని బాబాయిగారు ఆ ఆయాసంలోనే తిరిగి అరిచారు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఈ గొంతు ఇంకా చాలా కాలం ఉంటుందనుకున్నాను.

మొన్న ఆ ఇంట్లో మూడు రోజులు ఉన్నాను. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, రైతులు, కమీషను కొట్లవాళ్ళు, మిల్లు కూలీలు. ఒక్కొక్కరూ ఆయన అన్న ఏదో ఒక మాట చెప్పేవారు. చెబుతూ నవ్వేవారు, చావింట్లో నవ్వామని నాలిక కరుచుకునేవారు. పిన్ని వాళ్ళకి, "నవ్వండి, పర్లేదు, ఆయనకి ఇష్టం" అని చెప్పవలసి వచ్చేది. మస్తాను మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. నేను బయల్దేరేటప్పుడు నా సంచి తీసుకుని బస్సుదాకా వచ్చాడు. "నాలుగు మాటలు తిట్టేవాడు లేకపోతే పొద్దు గడవటం లేదక్కా" అన్నాడు.

ఇవి మిరప కళ్ళాల రోజులు. నరసరావుపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా, చూపు ఆనినంత మేరా కాయలు ఎండబోసి ఉన్నాయి. గాలిలో ఘాటు. ఒకచోట ఎద్దుబండి అడ్డం వచ్చి బస్సు ఆగింది. పక్క కళ్ళంలో ఆడవాళ్ళు తలగుడ్డలు చుట్టుకుని, వంగి రంగుమాసిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళలో ఒకామె నడుము నిలబెట్టి, పక్కనున్నామెతో ఏదో అన్నది. ఏమన్నదో నాకు వినపడలేదు. ఆ పక్కనామె ఇంకొకామెకి చెప్పింది. చూస్తుండగానే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అందరూ నవ్వుతూ నిలబడ్డారు, కొంగులు మొహాలకి అడ్డం పెట్టుకుని, ఆ ఎర్రటి కాయల మధ్య, ఎండలో. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా నేను వెనక్కి తిరిగి వాళ్ళనే చూస్తూ ఉండిపోయాను.